వంతుకొచ్చిన వచనం

సిస్టరుగారు పోయారని పొద్దున్నే మా రేపల్లె స్త్రీల వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. "ప్రభువునందు నిద్రించారు" అని ఎవరో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు. మధ్యలో ఒకావిడ తడబడి పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, వెంటనే చెరిపేసి, దణ్ణం పెట్టింది. ఆ తర్వాత పొగడ్తలు. "తల్లి లాంటి మనిషి", "ఆ లోటు తీరనిది", "వెన్న లాంటి మనసు". వెన్న అన్నది ఎవరా అని చూస్తే, ఒకప్పుడు గురువారం వచ్చిందంటే చాలు భయంతో కడుపు చెడిపోయే మనిషి. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

మధ్యాహ్నం ఫోను కూడా వచ్చింది. "అక్కా, ఆదరణ కూటానికి ఫ్లెక్సీ వేయిస్తున్నామండి. సిస్టరుగారి ఫోటో కింద ఒక వచనం కావాలి. మీరు చదువుకున్నవారు, ఆమెతో దగ్గరగా మెలిగినవారు. మంచిది చూసి చెప్పండి" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. నిజానికి ఆలోచించాల్సిన పని లేదు. ఆమె పేరు వినగానే నాకు గుర్తొచ్చే వచనం ఒకటే. అది ఫ్లెక్సీ మీద వేస్తే చూసినవాళ్ళు నన్ను రాళ్ళతో కొడతారు.

సిస్టరుగారు అంటే మఠం సిస్టరు కాదు, నర్సు. మిషను ఆసుపత్రిలో పనిచేసి రిటైరై, రేపల్లె స్టేషనుకి దగ్గర్లో రెండు గదులు, ముందు పొడుగాటి వరండా ఉన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర అలవాటు పోలేదు, డెట్టాలు వాసనా పోలేదు. ఊళ్ళో మా సంఘం ఆడవాళ్ళందరికీ బీపీ ఆమే చూసేది. చేతికి పట్టీ చుట్టి, బుడగ నొక్కుతూ, "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగేది. పట్టీ బిగుసుకుంటూ ఉంటే ఏ ఆడదైనా నిజమే చెబుతుంది. పిల్లలకి సూది వేసేటప్పుడూ అంతే. "మీ బళ్ళో టీచరు పేరేంటి కన్నా?" అనేది. వాడు పేరు గుర్తు తెచ్చుకునేలోగా పని అయిపోయేది.

గురువారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా, ఆమె వరండాలో స్త్రీల బైబిలు పాఠం జరిగేది. గోడల వెంబడి చాపలు పరిచేవాళ్ళం. మిల్లులో బియ్యం చెరిగే వాళ్ళు, బడిపంతులమ్మలు, గుమాస్తాల భార్యలు అందరూ ఆ చాపల మీదే. ఆమె ఒక్కతే పేము కుర్చీలో. ఆరోజు అధ్యాయం ఏదో ఆమే చెప్పేది. మొదటి వచనం ఆమె చదివేది, తర్వాత ఆమె కుడిచేతి పక్కనున్న మనిషి, తర్వాత ఆ పక్క మనిషి, అలా చుట్టూ తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికి. ఎవరి వంతుకి ఏ వచనం వస్తే అది దేవుడు ఆ మనిషికే పంపిన మాట. చదవగానే సిస్టరుగారు కళ్ళజోడు పమిటతో తుడుచుకుంటూ, "ఈ వచనం నీకేం చెప్పిందమ్మాయ్?" అని అడిగేది. చదివిన మనిషి చెప్పాలి. చెప్పాక ఆమె "ఆమెన్" అంటే మేమందరం "ఆమెన్" అనాలి. అప్పుడే పక్కవాళ్ళ వంతు. వంశావళి అధ్యాయాల్లో అయితే "ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు" అన్న వచనం తనకేం చెప్పిందో చెప్పలేక పాపం ముసలమ్మలు చెమటలు కక్కేవాళ్ళు. ఒకావిడ, "మావాడికి సంబంధం చూడమంటన్నాడండి దేవుడు" అంది. ఆమెన్ అన్నాం.

ఆమెకి ఊతపదం లాంటి మాట ఒకటుండేది. "వాక్యం గుచ్చుకోవాలమ్మా. గుచ్చుకోలేదంటే మందు ఎక్కలేదన్నమాట." ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇంకోటి ఉండేది. "ఏడుపు జవాబు కాదు." ఏడవనిచ్చేది, ఆగేది, కుర్చీ చేతి మీద రెండు వేళ్ళతో తడుతూ కూర్చునేది. సూది వేసే ముందు కూడా సరిగ్గా అలాగే రెండు వేళ్ళతో తట్టేది.

నేను తెనాలి నుంచి కొత్తకోడలిగా రేపల్లె వచ్చిన ఏడాది చేపల పులుసులో చింతపండు గురించి మా అత్తగారితో మాటా మాటా అనుకున్నాం. ఆ గురువారం నా వంతుకి వచ్చిన వచనం, గయ్యాళి పెళ్ళాంతో పెద్ద ఇంట్లో ఉండేకంటే మిద్దె మీద ఒక మూల పడుండడం మేలు అనేది. ఆకాశం చేసిన దేవుడు నా పులుసు గిన్నె దాకా దిగివచ్చాడనుకున్నాను. "నేను గయ్యాళినని చెప్పిందండి" అన్నాను. ఆమెన్ అన్నారు. ఇంటికి పోయి మా అత్తగారి చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరి, "దేవుడు మాట్లాడాడు తల్లీ" అంది. ఆవిడ బుధవారం సిస్టరుగారి దగ్గరికి బీపీ చూపించుకోడానికి వెళ్ళిందన్న సంగతి నాకు తెలుసు. కాని బుధవారానికీ గురువారానికీ ముడిపెట్టే బుద్ధి అప్పటికింకా నాకు లేదు.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ వరండాలో అక్షరం ముక్క రాకుండా వచ్చి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుని పోయిన ఆడవాళ్ళు చాలామంది. సిస్టరుగారు వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళ వేలు తన చేత్తో పట్టుకుని అక్షరం మీద పెట్టేది. అంత ఓపిక నేను ఏ బళ్ళోనూ చూడలేదు. అలా నేర్చుకున్న వాళ్ళలో ఎస్తేరు అనే పిల్లకి అత్తగారు ఒకావిడ. మిల్లులో పనిచేసే మనిషి, మనవలు ఉండాల్సిన వయసులో గుణింతం నేర్చుకుంది. మొదటిసారి ఒక వచనం పూర్తిగా చదివిన రోజు వరండాలో అందరికీ బెల్లం పంచింది.

ఆవిడ కోడలు ఎస్తేరుది కర్లపాలెం వైపు. పెళ్ళై నాలుగేళ్ళు దాటినా కడుపు పండలేదని అత్తే ఆ పిల్లను గురువారాలు తీసుకొచ్చేది, ప్రార్థన చేయించడానికి. కోడలు మంచిదే, కాని కొడుక్కి ఇంకో సంబంధం చూడమని అక్కచెల్లెళ్ళు చెవి దగ్గర పోరుతున్నారు. ముసలామె ఎటూ తేల్చుకోలేక దేవుడి మాట కోసం చూస్తోంది. ఆ సంగతి మాకందరికీ తెలుసు, సిస్టరుగారికి అందరికంటే ముందే తెలుసు. ఎస్తేరుకి ఉన్న ఒకే ఒక్క జబ్బు నవ్వు. నవ్వకూడని చోట కిసుక్కున నవ్వు వచ్చేది ఆ పిల్లకి.

ఒక గురువారం పాట పాడుతున్నాం. మా లూథరన్ వాళ్ళకి గంతులు లేవు గాని, మూడో చరణానికి వచ్చేసరికి సిస్టరుగారికి తల ఊగేది. ఆరోజు గట్టిగా ఊగింది. ముడిలో పెట్టుకున్న సవరం ఊడి, ఎగిరి, ఎదురుగా ఉన్న ఎస్తేరు బైబిలు మీద పడింది. మేమంతా పెదాలు కొరుక్కున్నాం. ఎస్తేరు నవ్వేసింది. ఆపుకుందామని పమిట నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. సిస్టరుగారు వంగి సవరం తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, పిల్లి కూనను నిమిరినట్టు నిమురుతూ పాట పూర్తి చేసింది. ఆరోజు ఒక్క మాట అనలేదు. పోయేటప్పుడు ఎస్తేరుకి అరటిపండు కూడా ఇచ్చింది.

మరుసటి గురువారం నేను పుట్టింటి నుంచి వస్తున్నాను. తెనాలి రైలు ఆలస్యమైంది. స్టేషన్లో దిగి పరుగులాంటి నడకతో వరండా చేరేసరికి అధ్యాయం ఆఖరి చుట్టులో ఉంది. దావీదు దేవుని ఆజ్ఞల పెట్టె, మందసం ముందు నాట్యం చేసిన అధ్యాయం. రాజై ఉండి గంతులేశాడని భార్య మీకాలు కిటికీలోంచి చూసి వెక్కిరిస్తుంది. నేను దొరికిన చోట కూర్చుని బైబిలు తెరవబోతుంటే సిస్టరుగారు, "నువ్వు చదవద్దులేమ్మాయ్, పరిగెత్తుకొచ్చావు. కాస్త ఊపిరి తీసుకో" అంది. ఎంత మంచిది అనుకున్నాను. ఎప్పుడూ మూల కూర్చునే ఎస్తేరు ఆరోజు పేము కుర్చీకి కుడిపక్కన ఉంది. "అదేంటి అక్కడున్నావు?" అని సైగ చేస్తే, "ఫ్యాను గాలి తగులుద్దని సిస్టరుగారు కూర్చోబెట్టారక్కా" అంది. నేను తలెత్తి చూశాను. ఫ్యాను తిరగడం లేదు. పొద్దుటి నుంచీ కరెంటు లేదట.

ఫ్యాను చూస్తూనే ఉన్నాను, చదువు చుట్టూ తిరిగి సిస్టరుగారి దగ్గరికి వచ్చింది. ఆమె తన వచనం చదివి, "దావీదు నన్నెవరు తక్కువ చేసినా దేవుడి ముందు నేనింకా తగ్గుతానన్నాడు. నేనూ అంతే" అంది. ఆమెన్ అన్నాం. తర్వాతది అధ్యాయంలో ఆఖరి వచనం. ఎస్తేరు చదివింది. మీకాలుకి చచ్చేదాకా పిల్లలు పుట్టలేదు అన్నది అందులోని మాట. అప్పుడు నాకు తిరగని ఫ్యానూ అర్థమైంది, నా ఊపిరీ అర్థమైంది. ఆ చుట్టులో నేను కూడా ఒక వచనం చదివి ఉంటే, ఈ ఆఖరిది సిస్టరుగారి వంతుకే వచ్చేది.

"ఈ వచనం నీకేం చెప్పిందమ్మాయ్?"

ఎస్తేరు తల వంచుకుంది. కన్నీళ్ళు బైబిలు మీద పడ్డాయి. సిస్టరుగారు కుర్చీ చేతి మీద రెండు వేళ్ళతో తట్టింది. "ఏడుపు జవాబు కాదు." ఆగాం. బడి వదిలారు, పిల్లలు గేటు దగ్గరికొచ్చి అమ్మా అని పిలుస్తున్నారు, ఎవ్వరూ లేవలేదు. నేనొచ్చిన రైలు మళ్ళీ తెనాలికి కూత వేసింది. అప్పుడు ఎస్తేరు, చీమకి కూడా వినపడని గొంతుతో, "నాకింక పిల్లలు పుట్టరని చెప్తందండి" అంది.

"ఆమెన్" అంది సిస్టరుగారు. అందరూ ఆమెన్ అన్నారు. ఎస్తేరు అత్త అందరికంటే గట్టిగా అంది.

ఆ సాయంత్రం ముసలామె కొడుకు ముందు బైబిలు తెరిచి, అదే వచనం వేలు పెట్టి తప్పుల్లేకుండా చదివిందట. "నేనన్నానా? దేవుడన్నాడు. దాని నోటితోనే అనిపించాడు" అందట. ఎస్తేరు బట్టలు సర్దుకుంటోందని తెలిసి నేను సిస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. "ముసలావిడ మీ మాట వింటుందండి. అది దేవుడి తీర్పు కాదని మీరొక్క మాట చెబితే ఆ పిల్ల కాపురం నిలబడుద్ది" అన్నాను.

"వాక్యం నేను రాశానా?" అంది.

"ఎస్తేరుని ఆ చోట కూర్చోబెట్టింది మీరే కదండీ."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం రాలేదు. పని నేర్చుకునే చురుకైన నర్సు పిల్లను చూసినట్టు చూసింది. "సూది నా చేతిలో ఉంటే ఉందిగాని మందు నాది కాదమ్మాయ్. పిల్లకి పొగరు దిగాలి, దిగుద్ది. నాలుగు రోజులు పుట్టింట్లో ఉంటే ముసల్ది తనే పిలుచుకొచ్చిద్ది" అంది.

నాకు ఒళ్ళు మండింది. "మీకు మాత్రం పిల్లలున్నారాండీ? ఆ వచనం మీ వంతుకొస్తే ఏం చెప్పేవారు?" అన్నాను.

చిక్కుడుకాయ చేతిలో ఆగింది. "నేను కన్నవాళ్ళు లేరుగానీ, నేను బొడ్డు కోసినవాళ్ళు ఊరంతా తిరుగుతున్నారు" అంది. ఆ మాట విని లేచి వచ్చేశాను.

ముసలామె పిలుచుకురాలేదు. పెద్దల్లో పెట్టి తెగతెంపులు చేసుకున్నారు. కొడుక్కి రెండో పెళ్ళి చేసింది, ఆ పిల్లకీ కడుపు పండలేదు. దాని గురించి మాత్రం ఏ గురువారమూ ఏ వచనమూ ఎవరి వంతుకీ రాలేదు. ఎస్తేరు బాపట్లలో ఆటో నడుపుకునే అతన్ని చేసుకుందని, ఆడపిల్ల పుట్టిందని చాలా ఏళ్ళకు తెలిసింది. మేమూ తెనాలికి మారిపోయాం. నేను గుడికి వెళతాను, ప్రార్థన చేస్తాను, దేవుణ్ణి నమ్ముతాను. కాని ఈనాటికీ ఏ కూటంలో బైబిలు తెరిచినా ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుని, నా వంతుకి ఏ వచనం వస్తుందో చూసుకుంటాను. మంచిదైతే అప్పుడు భక్తి కలుగుతుంది. సిస్టరుగారు నాకిచ్చిన విశ్వాసం అది. మా గ్రూపులో సగంమందికి అదే ఇచ్చిందని నా అనుమానం.

కిందటేడు ఆమెకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. చెవులు, బుర్ర మాత్రం భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పాడట. గురువారాలు మానలేదు. వరండాలోంచి చాపలు లోపలికి మార్చి ఆమె మంచం చుట్టూ పరిచారు. ఆమె వంతు ఆమెకే ఉంచారు. తలాపున కూర్చున్న మనిషి ఆమె వచనం చెవి దగ్గర చదివేది. ప్రశ్న మాత్రం వేసేవాళ్ళు కాదు. చదవగానే వాళ్ళే ఆమెన్ అనేసి ముందుకు పోయేవాళ్ళు.

ఒకసారి చూసొద్దామని తెనాలి నుంచి బయల్దేరాను. రైలు మళ్ళీ ఆలస్యం. నేను గదిలోకి వెళ్ళేసరికి ఆఖరి చుట్టు నడుస్తోంది. సిస్టరుగారు దిండ్లకి ఆనుకుని ఉంది, మూతి ఒక పక్కకి లాగేసింది, సవరం లేదు, పలచటి నాలుగు వెంట్రుకలు. తలాపున ఒకామె కూర్చుని ఉంది, ఒళ్ళో ఆడపిల్ల నిద్రపోతోంది. ఎస్తేరు. బాపట్ల నుంచి చూడడానికి వచ్చినట్టుంది, కాస్త ఒళ్ళు చేసింది. కాళ్ళ దగ్గర ఒకప్పటి అత్త, ఇప్పుడు నడుము వంగిపోయింది, కళ్ళన్నీ ఆ పిల్ల మీదే పెట్టుకుని కూర్చుంది. పక్కనున్నావిడ బైబిల్లో పుట చూపించింది. మందసం ముందు దావీదు నాట్యం. "ఎవరు తీశారు?" అని గొణిగాను. "సిస్టరుగారికి ఇష్టమైన అధ్యాయమని ఎస్తేరే అడిగిందండి" అంది.

నా వంతు వస్తోందని బైబిలు తెరిచాను. ఎస్తేరు తలెత్తి నవ్వింది. పాత కిసుక్కుమనే నవ్వు కాదు. "అక్కా, నువ్వు చదవమాక. రైలు దిగి పరిగెత్తుకొచ్చావు గదా, కాస్త ఊపిరి తీసుకో" అంది.

నేను బైబిలు మూశాను. ఇన్నేళ్ళూ ఆ లెక్క నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

ఆఖరి వచనం సిస్టరుగారి వంతుకి వచ్చింది. ఎస్తేరు వంగి, ఆమె చెవి దగ్గర, పసిపిల్లకి చెప్పినట్టు ఒక్కొక్క మాట విడదీసి చదివింది. మీకాలు, చచ్చేదాకా, పిల్లలు లేకుండా. ఎవరో అలవాటుగా "ఆమె..." అనబోయారు. ఎస్తేరు చెయ్యెత్తి ఆపింది.

"ఈ వచనం మీకేం చెప్పింది సిస్టరుగారండీ?"

సిస్టరుగారి మంచి కన్ను ఒక్కొక్కరి మీదికీ తిరిగింది. నా దగ్గర ఆగింది. ఆమెకి అంతా అర్థమైంది, నేను చదవకుండా ఉండడంతో సహా. బాగున్న చేతి వేళ్ళు రెండు దుప్పటి మీద కదిలాయి. నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాలని చూశాను, వెయ్యలేదు. ఆ కంట్లోంచి నీళ్ళు కారి చెవి దాకా పోయాయి.

"గుచ్చుకుంది తల్లీ, మందెక్కింది" అంది కాళ్ళ దగ్గరున్న ముసలామె. "ఇంక ఆమెన్ అనండమ్మా."

ఎస్తేరు తన పమిట కొంగుతో సిస్టరుగారి చెంప, కారుతున్న చొంగ మెత్తగా తుడిచింది. పాప నిద్ర చెడకుండా ఒళ్ళో సర్దుకుంది. ఒకప్పుడు అత్తా అన్న నోటితోనే, "ఏడుపు జవాబు కాదుగా పెద్దమ్మా" అంది. "సిస్టరుగారే అనేవారు. ఆగుదాం. చెప్తారు."

ఆగాం. బయట నేనొచ్చిన రైలు తెనాలికి కూత వేసింది. ఎవ్వరం ఆమెన్ అనలేదు.